కాలేజీ చూశారు సరే, క్లాసు చూశారా?

సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి రెండు పెద్ద దారులున్నాయి. ఒకటి బోయిన్‌పల్లి, సుచిత్ర, కొంపల్లి, కండ్లకోయ మీదుగా మేడ్చల్ దాటి నాగ్‌పూర్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి. రెండోది జూబ్లీ బస్ స్టేషన్ దగ్గర మొదలై అల్వాల్, హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి. నలభై ఏళ్ల కింద ఈ దారుల పక్కన ద్రాక్ష తోటలు చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. హైదరాబాద్ అంటే అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష గుర్తొచ్చిన రోజులవి. ఆ పందిళ్ల చోట ఇవాళ గేటెడ్ కమ్యూనిటీలు, ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, టీకా ఫ్యాక్టరీలు వచ్చాయి. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చినవి కాలేజీలు.

ఏటా ఎండాకాలం చివర్లో ఈ దారుల్లో ఒక తంతు నడుస్తుంది. గజ్వేల్, సిద్దిపేట, కామారెడ్డి, నిజామాబాద్ వైపు నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఎంబీఏ కాలేజీలు చూడటానికి వస్తారు. అడ్మిషన్ ఆఫీసులో కూల్‌డ్రింక్ ఇస్తారు, రంగుల బ్రోచర్ చేతిలో పెడతారు. ఒక కుర్రాడు వచ్చి లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబ్, హాస్టల్, మెస్, జిమ్ తిప్పి చూపిస్తాడు. "బిల్డింగ్ మంచిగున్నది సార్. ప్లేస్‌మెంట్ ఎట్లుంటది?" అని తండ్రి అడుగుతాడు. గోడ మీది ఫొటోలు చూపిస్తారు. ఫీజు ఎన్ని వాయిదాల్లో కట్టొచ్చో మాట్లాడుకుని లేస్తారు. పెళ్లిచూపులకు వెళ్లి ఇల్లూ వాకిలీ పొలమూ కొలిచి, పిల్లతో ఒక్క మాటైనా మాట్లాడకుండా తాంబూలాలు పుచ్చుకున్నట్టే ఉంటుంది ఇదంతా. రెండేళ్ల పాటు రోజూ ఐదారు గంటలు ఆ పిల్లవాడు కూర్చోవలసింది క్లాసులో. ఆ క్లాసును ఎవరూ చూడరు, చూపించమని అడగరు.

అడిగితే చూపిస్తారా? ఈ దారిలో కొన్ని సంస్థలు చూపిస్తాయి. ముందుగా మెయిల్ పెట్టి, ఏ కోర్సు క్లాసులో ఎప్పుడు కూర్చోవచ్చో అడగాలి. అధ్యాపకుడు ఒప్పుకుంటే చివరి వరుసలో కుర్చీ వేస్తారు. ఫోన్ కూడా ఎత్తని చోట్లున్నాయి. "అట్లాంటి పద్ధతి లేదు మేడమ్, మీరు అడ్మిషన్ తీసుకోండి, తర్వాత రోజూ కూర్చోవచ్చు" అని నవ్వుతూ చెప్పే చోట్లూ ఉన్నాయి. నా లెక్కలో ఆ జవాబు కూడా ఒక సమాచారమే.

అమెరికాలో ఇది పాత అలవాటు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో చేరాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకుని ఒక క్లాసులో కూర్చునే ఏర్పాటుంది. అక్కడి క్లాసు చూడదగ్గదిగా ఉండటానికి కారణం కేస్ పద్ధతి. పుట్టుకకు వెళ్తే అది వ్యాపార విద్య సొత్తు కూడా కాదు, లాయర్లది. 1870లో హార్వర్డ్ లా స్కూల్‌లో క్రిస్టఫర్ లాంగ్‌డెల్ అనే ఆచార్యుడు సూత్రాలు వల్లె వేయించడం మాని, అసలు తీర్పులనే విద్యార్థుల చేతికిచ్చి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. 1908లో బిజినెస్ స్కూల్ పుట్టింది. 1919లో దానికి డీన్‌గా వచ్చిన వాలెస్ డోనమ్ స్వయంగా ఆ లా స్కూల్‌లో చదివినవాడు. తీర్పుల బదులు కంపెనీల కథలు రాయించాడు. 1921లో వచ్చిన మొదటి కేస్ ఒక చెప్పుల కంపెనీది. మేనేజరు ముందున్న చిక్కు ఏమిటో అందులో ఉంటుంది, ఏం చేశాడో ఉండదు. అది విద్యార్థి చెప్పాలి. గుర్రపు నాడా ఆకారంలో మెట్లు మెట్లుగా కుర్చీలు, ఎదురుగా పేరు పలకలు ఉండే తరగతి గది కూడా ఈ పద్ధతి కోసం కట్టినదే. అందరి ముఖాలూ అందరికీ కనిపించాలి కదా. 1953లో అక్కడ కట్టిన ఆల్డ్రిచ్ హాల్ నమూనా ఇవాళ ప్రపంచమంతటా కనిపిస్తుంది, మన ఊళ్లలో కూడా.

శామీర్‌పేటలో ఈ చరిత్రకు తమాషా అయిన ప్రతిబింబం ఒకటుంది. 1998లో చట్టం ద్వారా ఏర్పడిన న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ ఇక్కడే, జస్టిస్ సిటీలో ఉంది. 2013 నుంచి అది ఎంబీఏ కూడా చెబుతోంది. న్యాయశాస్త్రం పక్క గదిలోనే వ్యాపార పాఠం అన్నమాట. అదే శామీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్, అంటే ఐపీఈ, ప్రాంగణం ఉంది. కొంపల్లిలో 1992లో మొదలైన శివ శివాని మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది. కండ్లకోయ, మైసమ్మగూడల్లో ఇంజినీరింగ్ కాలేజీలకు అనుబంధంగా ఎంబీఏ విభాగాలున్నాయి.

వీటిలో ఐపీఈ కథ దగ్గర కాసేపు ఆగాలి. కేబినెట్ కార్యదర్శిగా పనిచేసిన ఐసీఎస్ అధికారి ఎస్.ఎస్. ఖేరా చొరవతో 1964లో అది పుట్టింది. పిల్లలకు ఎంబీఏ చెప్పడానికి పుట్టలేదు. ప్రభుత్వ కంపెనీలను ఎలా నడపాలి, ధరలెలా పెట్టాలి, లాభనష్టాలు ఎలా చూడాలి అని అధ్యయనం చేయడానికి పుట్టింది. ఆ రోజుల్లో అదే పెద్ద ప్రశ్న. హైదరాబాద్ చుట్టూ ఐడీపీఎల్, బీహెచ్ఈఎల్, హెచ్ఎంటీ, ఆ తర్వాత ఈసీఐఎల్, ఎన్ఎఫ్‌సీ, మిధాని లాంటి ప్రభుత్వ కంపెనీలు లేచాయి. చాలా ఏళ్లు ఉస్మానియా ప్రాంగణంలో ఉన్న ఈ సంస్థ తర్వాత శామీర్‌పేటకు విస్తరించింది. ఈలోగా దేశమే మారింది. ప్రభుత్వ రంగం తగ్గుతూ వచ్చింది, మేనేజ్‌మెంట్ డిప్లొమాకు గిరాకీ పెరిగింది. సంస్థ కూడా దానితో పాటు నడిచింది. బాలానగర్‌లోని ఐడీపీఎల్ మందుల కార్ఖానా మూలపడినా, అక్కడ పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి నగరం చుట్టూ మందుల కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. ప్రభుత్వ రంగం విఫలమైందని పరీక్షలో రాసే విద్యార్థి ఈ లెక్కను ఏ ఖాతాలో వేస్తాడో నాకు వినాలనుంటుంది.

కేసులకు దూరం వెళ్లనక్కర్లేని నేల ఇది. శామీర్‌పేట దగ్గరి తుర్కపల్లిలో భారత్ బయోటెక్ ఉంది. 2021లో దేశమంతటా వేసిన కొవాగ్జిన్ అక్కడిదే. బయోటెక్ కంపెనీల వాడ అయిన జీనోమ్ వ్యాలీలో ఎవరికి వారు సొంత ప్రయోగశాల కట్టుకునే పని లేకుండా అద్దెకిచ్చే పద్ధతితో, 1999లో రూపుదిద్దుకున్న ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఉంది. మేడ్చల్ దగ్గర అత్వెల్లిలో శాంతా బయోటెక్నిక్స్‌గా మొదలైన టీకా కంపెనీ ఉంది. ఇంత సరుకు గుమ్మం ముందుండగా, చాలా క్లాసుల్లో ఇప్పటికీ అమెరికన్ విమాన కంపెనీ, అమెరికన్ కాఫీ దుకాణం గురించే మాట్లాడుకుంటారు. ఆ కేసులు చెడ్డవని కాదు. కాఫీ దుకాణం ముఖం చూడని పిల్లవాడు దాని గురించి ఏం వాదిస్తాడు? పుస్తకంలో ఉన్నది తిప్పి చెబుతాడు.

నేనూ అలా ఒక క్లాసులో కూర్చున్నాను, అదృష్టం బాగుంది. సంస్థ పేరు అనవసరం. వేసవి ఇంటర్న్‌షిప్ ముగించుకుని వచ్చిన రెండో ఏడాది విద్యార్థులు, స్ట్రాటజీ కోర్సు. నా పక్కన గజ్వేల్ నుంచి వచ్చిన బీకాం అమ్మాయి, చేరాలా వద్దా అని చూసుకోవడానికి వచ్చింది. వాళ్ల నాన్నను కూడా కూర్చోమంటే "నాకెందుకు సార్ ఇంగ్లిష్‌ల పాఠం" అని కిందికెళ్లి చెట్టు నీడ చూసుకున్నాడు. ఆయనకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది.

ఆ రోజు పాఠం శాంతా. అధ్యాపకుడు తనే రాసుకున్న నాలుగు పేజీలు ముందు రోజే పంచారట. సంగతి తెలిసినదే. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1992లో జెనీవాలో ఒక సదస్సుకు వెళ్లి, హెపటైటిస్-బి మన దేశంలో ఎంత మందిని తినేస్తోందో విన్నారు. టీకా ఉంది కానీ దిగుమతిది. డోసు వందల రూపాయలు. సాంకేతికత అమ్మమని అడిగితే విదేశీ కంపెనీ కాదంది. 1993లో తల్లి పేరు మీద కంపెనీ పెట్టారు. మన బ్యాంకులు జంకినప్పుడు ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ డబ్బు పెట్టారు. 1997 ఆగస్టులో శాన్‌వ్యాక్-బి బజారులోకి వచ్చింది. పోటీ పెరిగాక ధర యాభై రూపాయల దాకా దిగింది.

అధ్యాపకుడు ఇదేదీ చెప్పలేదు. చదివే వచ్చి ఉంటారన్న నమ్మకం. లోపలికి వస్తూనే కిటికీ పక్క కుర్రాడి వైపు చూసి, "1993. నువ్వు బ్యాంక్ మేనేజర్‌వి. నీ ముందు ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ కూర్చుని టీకా చేస్తానంటున్నాడు. అప్పు ఇస్తావా?" అని అడిగారు. కుర్రాడు ఇస్తానన్నాడు. "ఎందుకు?" దేశానికి అవసరం కనుక. "తాకట్టు ఏం పెట్టుకుంటావు?" నిశ్శబ్దం. అధ్యాపకుడు ఆ నిశ్శబ్దాన్ని కదిలించలేదు. నాకు నచ్చింది అక్కడే. ప్రశ్న అడిగి, మూడు సెకన్లలో తనే జవాబు చెప్పేసే మాస్టార్లను జీవితమంతా చూశాం. ఈయన ఆగారు. వెనక నుంచి ఒకమ్మాయి "నేనైతే ఇవ్వను సార్" అంది. డిపాజిటర్ల సొమ్ముతో పందెం కాయకూడదని, అట్లాంటి పనికి వేరే రకం డబ్బు కావాలని వాదించింది. అప్పుడు క్లాసు లేచింది. అప్పుకూ పెట్టుబడికీ తేడా ఏమిటో ఆ పావుగంటలో, నిర్వచనం ఊసే లేకుండా బోర్డు మీదికి వచ్చింది.

తర్వాత లెక్క. అంకెలన్నీ ఊహించుకున్నవేనని ముందే చెప్పి మొదలుపెట్టారు. ఏడాదికి ఫ్యాక్టరీ స్థిర వ్యయం పది కోట్లు అనుకోండి. ఒక్కో డోసుకు ముడిసరుకు, సీసా, రవాణా కలిపి ఇరవై రూపాయలు. డోసు 500కు అమ్మితే మిగిలేది 480. అసలు రావడానికి సుమారు 2 లక్షల 8 వేల డోసులు అమ్మాలి. 50కి అమ్మితే మిగిలేది 30. అప్పుడు 33 లక్షలకు పైగా అమ్మాలి. "పదహారు రెట్లు. ఆ చేతులు ఎక్కడున్నాయి?" అని అడిగారు. ధర తగ్గించడం అంటే మంచితనం అనుకుంటున్న క్లాసుకు అది మరో రకం తెగింపుగా కనిపించింది. ఊళ్లల్లో క్యాంపులు పెట్టాలని ఒకరు, డాక్టర్ల ద్వారా అని ఒకరు, ప్రభుత్వ ఆర్డర్లు పట్టాలని ఒకరు అన్నారు. ఐక్యరాజ్యసమితి సంస్థలకు అమ్మితే ఒక్క సంతకంతో కోట్ల డోసులు పోతాయని ముందు వరుస కుర్రాడు అన్నాడు. ఆ మాట కోసమే చూస్తున్నట్టు అధ్యాపకుడు పేజీ తిప్పమన్నారు.

అక్కడ కథ మలుపు తిరుగుతుంది. 2006, 2007 ప్రాంతంలో ఫ్రాన్స్‌కు చెందిన మెరియూ కుటుంబం శాంతాలో మెజారిటీ వాటా కొంది. 2009లో సనోఫీ ఆ వాటాను తీసుకున్నప్పుడు కంపెనీ విలువను 55 కోట్ల యూరోలుగా కట్టింది. అదే ఏడాది ఐదు జబ్బులకు ఒకే టీకా అయిన శాన్5కు యునిసెఫ్ నుంచి భారీ ఆర్డరు వచ్చింది. 2010లో కొన్ని సీసాల్లో తెల్లటి మడ్డి కనిపించడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాకు ఇచ్చిన ముందస్తు గుర్తింపును వెనక్కి తీసుకుంది. "ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడితే ఏమవుతుంది?" అన్నది ఆ రోజు చివరి ప్రశ్న. గంట మోగాక కూడా ఇద్దరు తలుపు దగ్గర దాని మీదే కొట్లాడుకుంటున్నారు, ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి హైదరాబాదీ హిందీలోకి దూకుతూ. ఆ గుర్తింపు 2014లో తిరిగొచ్చిందన్న సంగతి తర్వాతి క్లాసుకు దాచారు కాబోలు.

ఇంత బాగా నడిచిన క్లాసులోనూ చూడవలసినవి మిగిలాయి. అరవై మందిలో నోరు విప్పింది పదిహేను మంది లోపే. తెలుగు మీడియం నుంచి వచ్చారని మాట తీరులో తెలిసిపోతున్న కొందరు నోట్సు రాసుకుంటూ తలవంచుకునే ఉన్నారు. ఒకసారి మాత్రం అధ్యాపకుడు వెనక వరుసలోని ఒకతన్ని "తెలుగులో చెప్పు, పర్లేదు" అన్నారు. ఆ కుర్రాడు చెప్పిన మాటే ఆ రోజు విన్నవాటిలో గట్టిది. టీకా చల్లగా ఉండాలి, మా ఊళ్లో కరెంటు పోతే ఫ్రిజ్ ఎవరు చూస్తారు అని. క్లాసు చూడటానికి వెళ్లేవాళ్లు గమనించాల్సింది ఈ రెండే. ప్రశ్న తర్వాత మాస్టారు ఆగుతున్నాడా, వెనక వరుస దాకా వెళ్తున్నాడా. ప్రొజెక్టర్ స్లైడ్లు చదివి వినిపిస్తుంటే మాత్రం ఇరవై నిమిషాల్లో మీకే తెలిసిపోతుంది. ఆ స్లైడ్లు ఇంట్లో కూడా చదువుకోవచ్చు.

ఒక్క క్లాసు మోసం చేయగలదు, ఆ మాటా చెప్పాలి. అతిథి వస్తున్నాడని తెలిస్తే కాలేజీ తన మేటి అధ్యాపకుణ్ణే ముందుకు తోస్తుంది. అందుకే స్ట్రాటజీ, మార్కెటింగ్ లాంటి సందడి క్లాసు కాకుండా అకౌంటింగో స్టాటిస్టిక్సో చూపించమని అడగడం మేలు. అక్కడ దాపరికం కష్టం. ఆ తర్వాత మెస్‌లో రెండో ఏడాది పిల్లల పక్కన కూర్చుని భోజనం చేయాలి. శాశ్వత అధ్యాపకులు ఎందరు, నడి సెమిస్టర్లో ఎందరు మారారు, ఇంటర్న్‌షిప్ ఎవరు ఇప్పించారు, అందులో నిజంగా చేసిన పనేమిటి? వాళ్లు బ్రోచర్ భాష మాట్లాడరు.

ప్లేస్‌మెంట్ అంకె గురించి కూడా వాళ్లనే అడగాలి. గోడ మీద కనిపించే అత్యధిక ప్యాకేజీ ఒక్కరిది. సగటు కూడా నమ్మదగ్గది కాదు. పది మందిలో తొమ్మిది మందికి 4 లక్షల చొప్పున, ఒకరికి 24 లక్షలు వస్తే సగటు 6 లక్షలవుతుంది, అయితే ఆ 6 లక్షలు చేతికొచ్చినవాడు ఆ పదిమందిలో ఒక్కడూ లేడు. వరసలో నడిమి వ్యక్తికి ఎంత వచ్చిందో అడగండి. అడగ్గానే అంకె చెప్పే ప్లేస్‌మెంట్ ఆఫీసరు దొరికితే ఆ కాలేజీ గురించి మంచిగా అనుకోవచ్చు.

ఇదంతా అందరికీ వీలుపడదని తెలుసు. ఎంబీఏ ప్రవేశ పరీక్ష టీజీ ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలకు జవాబులు గుర్తించి, ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు అంటూ పరుగెత్తే పిల్లలకు కాలేజీ అంటే తెర మీద కనిపించే ఒక కోడు మాత్రమే. ఆ వారం రోజుల్లో ఏ క్లాసుకు వెళ్తారు? ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకున్న ఇళ్లకు ఆ దారే దిక్కు. ఏఐసీటీఈ అనుమతితో సొంతంగా పీజీడీఎం నడిపే సంస్థలకు మాత్రం క్యాట్, సీమ్యాట్ స్కోర్లతో ఇంటర్వ్యూకు పిలిచే అలవాటుంది కనుక ఆ రోజే క్లాసు అడగొచ్చు. లక్షల్లో ఫీజు కట్టేది కూడా అక్కడే. ఐసెట్ పిల్లలకైతే ఒక్కటే ఉపాయం. డిగ్రీ చివరి ఏడాదిలో, జనవరి ఫిబ్రవరుల్లో, కాలేజీలు నడుస్తున్నప్పుడే ఒక రోజు సెలవు పెట్టి వెళ్లి రావడం. మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ వచ్చింది. శామీర్‌పేటకు సిద్దిపేట, కరీంనగర్ బస్సులున్నాయి. ఖర్చు పెద్దదేం కాదు.

ఆ సాయంత్రం గజ్వేల్ బస్సు కోసం రాజీవ్ రహదారి పక్కన నిలబడ్డప్పుడు ఆ అమ్మాయి నాన్నకు 500, 50 రూపాయల లెక్క వేళ్ల మీద వివరించింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. పదహారు రెట్ల దగ్గర తల ఊపాడు.

"మంచిగనే చెప్పిండు. మరి ఉద్దెర లెక్కేది? సర్కారుకు అమ్ముతరంటివి. సర్కారు పైసలు ఎన్నడొస్తయి? ఆరు నెలలాయె, ఏడాదాయె. అప్పటిదాంక జీతాలెట్ల ఇస్తరు?"

ఆ అమ్మాయి నోట్‌బుక్ మళ్లీ తీసింది. ఆ ప్రశ్న సార్‌కు మెయిల్ చేస్తానంది. "చెయ్. ఏమంటడో చూసి అప్పుడు ఫీజు సంగతి మాట్లాడుదాం" అన్నాడాయన.